గని వేరు, బంగారం వేరు

ఈ మాట మా నాయనది. 2016లో కొలరాడో కొండల్లో ఒక గని గట్టు మీద నిలబడి అన్నాడు. అప్పటికి అయిదేళ్ళుగా ఆయన దగ్గర నేను దాచిన సంగతి ఒకటి ఉంది. అదీ ఇదీ కలిపి చెబితే గానీ ఈ పోస్టు అర్థం కాదు. మధ్యలో లెక్కలు వస్తాయి, కాస్త ఓపిక పట్టండి. లెక్కలంటే పడనివాళ్ళు మా అమ్మ గాజుల దగ్గరికి గెంతెయ్యొచ్చు, ఏమీ అనుకోను.

మాది కుప్పం పక్క పల్లె. నాయన పనిచేసింది కోలార్ బంగారు గనుల్లో. కుప్పం నుంచి రైలెక్కి బంగారుపేటలో మారితే ఊరు వచ్చేస్తుంది. గనిలో తమిళులే ఎక్కువ, తెలుగువాళ్ళమూ తక్కువేం కాదు. నాయన భూమి లోపల కొయ్య దూలాలు నిలబెట్టే పని చేసేవాడు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల పైన లోతు. అడుగున రాయి మీద చెయ్యి పెడితే కాలేదట. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు. అప్పుడొచ్చిన సెటిల్‌మెంటు డబ్బులో ఎక్కువ భాగం మరుసటేడు నా ఎమ్మెస్‌కి పోయింది. ఆ డబ్బు తిరిగి ఇమ్మని నాయన ఎన్నడూ అడగలేదు. అడగని అప్పు ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలుసు.

2011 ఆగస్టు. అమెరికా ప్రభుత్వ రేటింగు తగ్గించారని మార్కెట్లన్నీ గడగడలాడుతున్న రోజులు. బంగారం ఔన్సు 1,800 డాలర్లు దాటింది. నాయనకి ఇల్లు కట్టిద్దామని నేను దాచిన డబ్బు పన్నెండు వేల చిల్లర ఉంది. దాన్ని బంగారంలో పెడితే బాగుంటుందనిపించింది. ఆఫీసులో ఒకాయన, "బంగారం కాదు, బంగారు గనులు కొను. బంగారం పది శాతం పెరిగితే గనులు పాతిక పెరుగుతాయి" అన్నాడు. నాకు అందులో ఏదో న్యాయం కనిపించింది కూడా. గని కూలీ కూతురు గని వాటాదారు అవుతోంది! జీడీఎక్స్ అనే ఈటీఎఫ్ 200 షేర్లు 62 డాలర్ల చొప్పున కొన్నాను. మొత్తం 12,400. నాయనకి ఫోన్ చేసి "నీ డబ్బు బంగారంలో పెట్టినాను" అన్నాను. సంతోషపడ్డాడు. నేను చెప్పింది అబద్ధమని అప్పటికి నాకూ తెలీదు.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఈటీఎఫ్ అంటే షేర్లా కొని అమ్ముకునే ఫండు. జీడీఎక్స్ 2006 మే నెలలో మొదలైంది. అందులో న్యూమాంట్, బారిక్, అగ్నికో ఈగిల్ లాంటి పెద్ద గని కంపెనీలు, వాటితోపాటు డజన్ల కొద్దీ చిన్నా పెద్దా కంపెనీలు ఉంటాయి. ఏడాదికి అర శాతం పైచిలుకు ఖర్చు కింద పట్టుకుంటారు. డివిడెండు ఉందంటే ఉంది, లేదంటే లేదు.

సెప్టెంబరు మొదటి వారంలో ధర 66 తాకింది. ఆ వారం నేనెంత తెలివైనదాన్నో! ఆ తర్వాత ఆ ధర మళ్ళీ కంటపడటానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

ఆఫీసులో ఆయన చెప్పింది తప్పు కాదు, సగమే చెప్పాడు. ఒక గనికి ఔన్సు బంగారం బయటికి తియ్యడానికి అన్ని ఖర్చులూ కలిపి 1,200 డాలర్లవుతుందనుకోండి. బంగారం 1,900 ఉంటే ఔన్సుకి 700 మిగులుతుంది. బంగారం 1,300కి దిగితే మిగిలేది వంద. బంగారం పడింది మూడో వంతులోపే, గని లాభం మాత్రం ఏడింట ఆరు వంతులు ఆవిరైపోయింది. ఎక్కేటప్పుడు ఏ నిచ్చెన ఎక్కించిందో దిగేటప్పుడు అదే పాము. 2013లో బంగారం ఏడాదిలో 28 శాతం పడింది. జీడీఎక్స్ సగానికి పైగా కరిగిపోయి 21 దగ్గర ఆగింది.

అది కూడా అడుగు కాదు. 2016 జనవరిలో ధర పన్నెండున్నర. నా 12,400 కాస్తా 2,500. దీన్ని ఫైనాన్సు భాషలో డ్రాడౌన్ అంటారు, శిఖరం నుంచి అడుగు వరకు ఎంత జారిందీ అని. ఎనభై శాతం జారింది. ఎనభై శాతం పడినది మళ్ళీ ఎనభై శాతం పెరిగితే సరిపోతుందని నాకు తెలిసిన ఇద్దరు ఇంజనీర్లు కూడా అనుకున్నారు. సరిపోదు. వందలో ఇరవై మిగిలాక మళ్ళీ వంద కావాలంటే అయిదు రెట్లు కావాలి. నా దృష్టిలో రిస్కుని కొలిచే సంఖ్య ఇదొక్కటే. మిగతావి, స్టాండర్డ్ డీవియేషన్ ఇంత, షార్ప్ రేషియో ఇంత అనేవి, పేపరు మీద చదివితే తలాడించి ఊరుకుంటాం. జీడీఎక్స్ ఊగిసలాట బంగారం ఊగిసలాటకి సుమారు రెట్టింపు ఉంటుంది అంటే మీకు ఏమనిపించింది? ఏమీ అనిపించలేదు కదా. పన్నెండు వేలు రెండున్నర వేలయింది అంటే అనిపిస్తుంది.

ఇప్పుడు గాజుల సంగతి.

2014లో నాయన ఊళ్ళో ఇల్లు మొదలుపెట్టాడు. గోడలు లేచాయి. స్లాబుకి నేను పంపుతానన్నాను. ఆ ఏడే మా ఆయన ఉద్యోగం పోయింది, చిన్నది పుట్టి నాలుగు నెలలు, ఇంటి కంతు నెలనెలా ఆగదు. బంగారంలో ఉన్న డబ్బు పంపమ్మా అన్నాడు నాయన, మామూలుగా. అప్పటికి అది నాలుగు వేల లోపు. "ఇప్పుడు అమ్మితే నష్టం నాయనా, కొన్నాళ్ళు ఆగు" అన్నాను. ఆయన ఆగాడు. వానలు ఆగవు కదా. రెండు నెలల తర్వాత స్కైపులో అమ్మ చెయ్యెత్తి కొప్పు సర్దుకుంటుంటే చూశాను, చేతికి మట్టి గాజులు. నాలుగు జతలు, ఎనభై గ్రాములు, గ్రాము 2,600 చొప్పున అమ్మేసిందట. రెండు లక్షల పైచిలుకు. "స్లాబు పడింది చూడు పాపా, ఎంత బాగుండాదో" అని ఫోను తిప్పి చూపించింది. స్లాబు నిజంగానే బాగుంది.

బంగారంలో పెట్టానని చెప్పిన నా డబ్బు చేతికి రాలేదు. అమ్మ చేతికున్న బంగారమే పనికొచ్చింది. నష్టంలో ఉన్నదాన్ని అమ్మితే ఆ నష్టం నిజమైపోతుందని నేను అమ్మలేదు. నష్టం ఎప్పుడో నిజమైపోయింది, నేను ఒప్పుకోలేదంతే.

2016 వేసవికి అమ్మా నాయనా డెన్వర్ వచ్చారు. ఒక శనివారం క్రిపుల్ క్రీక్ తీసుకెళ్ళాం. పాత బంగారు గనుల ఊరు అది, పదివేల అడుగుల ఎత్తుకి కాస్త తక్కువ. కొత్తవాళ్ళకి ఊపిరాడదు, నెమ్మదిగా నడవమని మా ఆయన జాగ్రత్తలు చెబుతుంటే, "పదివేల అడుగులు కిందికి పోయినోణ్ణి నేను, పైకి రాలేనా" అన్నాడు నాయన. అక్కడ టూరిస్టుల్ని ఒక పాత గనిలోకి వెయ్యి అడుగులు దింపి చూపించేవారు. కేజ్‌లో నాయన ఒక మూల ఒదిగి నిలబడ్డ తీరు చూసి గైడు కుర్రాడు, మీరు గనిలో పనిచేశారా అని అడిగాడు. ఎవరూ చెప్పకుండానే కనిపెట్టాడు. ఆ తర్వాత టూరంతా వాళ్ళిద్దరిదే, మధ్యలో నేను దుబాసీని. దూలాలు కట్టిన తీరు చూసి నాయన ఒకచోట మెచ్చుకున్నాడు, ఇంకోచోట పెదవి విరిచాడు. పెదవి విరిచిన చోట తల వంచుకుని గబగబా నడిచాను.

పైకి వచ్చాక రోడ్డు పక్క నుంచి ఇప్పుడు నడుస్తున్న గని కనిపిస్తుంది. సొరంగం కాదు, కొండనే మెట్లు మెట్లుగా తవ్వేసిన పెద్ద గొయ్యి. అడుగున బొమ్మల్లా డంపర్లు. తవ్విన రాయిని కుప్ప పోసి సైనైడు నీళ్ళు చల్లి బంగారం తీస్తారు. టన్నుకి ఎంత వస్తుందని నాయన అడగమన్నాడు. గ్రాములోపే అన్నాడు కుర్రాడు.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాది మూడు గ్రాముల దగ్గర మూసినారు. వీళ్ళది గ్రాము లేకపోయినా నడస్తాండాది" అన్నాడు.

రాయి మాది మంచిదే. కానీ దాన్ని మూడు కిలోమీటర్ల అడుగు నుంచి, గాలి పంపి, నీళ్ళు తోడి, వేడి తగ్గించి, మనుషుల్ని దింపి ఎక్కించి పైకి తేవాలి. గని మూసిన ఫిబ్రవరిలో బంగారం ఔన్సు 265 డాలర్ల చుట్టూ ఉంది. ఔన్సుకి 31 గ్రాములు. అంటే మూడు గ్రాములకి పాతిక డాలర్లు. టన్ను రాయిని అంత లోతు నుంచి తీసి, పిండి కొట్టి, బంగారం వేరు చేయడానికి ఆ పాతిక ఏ మూలకి? బంగారం 1980 జనవరిలో 850 తాకి అక్కడి నుంచి ఇరవై ఏళ్ళుగా దిగుతూనే ఉంది. బ్రిటన్ కూడా సరిగ్గా ఆ ఏళ్ళలోనే తన బంగారంలో సగానికి పైగా అమ్ముకుంది. అది అడుగని ఎవరికీ తెలీదు. మూసిన పదేళ్ళకి బంగారం ఏడు రెట్లయింది. ఆ వెల దగ్గర కొన్నది నాయన కూతురు.

అక్కడే చెప్పేశాను. ఆ గొయ్యి అప్పుడు న్యూమాంట్ కంపెనీది, ముందు సంవత్సరమే కొన్నారు. నా ఫండులోని పెద్ద వాటాల్లో న్యూమాంట్ ఒకటి. కాబట్టి ఆ కొండలో ఇసుక రేణువంత నాదీ ఉంది, అది నీ ఇంటి స్లాబు డబ్బు నాయనా, అమ్మ గాజులు పోయింది దీనివల్లే అని. మొత్తం ఒక్క గుక్కలో. అమ్మ కారులో ఉంది, వినలేదు.

"బంగారంలో పెట్టినానంటివే" అన్నాడు.

"బంగారు గనుల్లో నాయనా."

"గని వేరు, బంగారం వేరు పాపా. బంగారం బీరువాలో పెడితే అట్లనే ఉంటాది. గని దినామూ తింటాది. కరెంటు తింటాది, కొయ్య తింటాది, మనుషుల్ని తింటాది. తినంగా మిగిల్తే నీకు."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. కారెక్కే ముందు మాత్రం, "ఎంత మిగిలిందో ఎవురు లెక్క రాస్తారు దీంట్లో?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి నేను అయిదేళ్ళలో ఒక్కసారి కూడా కంపెనీల లెక్కలు తెరిచి చూడలేదు.

ఇంటికొచ్చి చూశాను. గని తినే వాటిలో నాయన చెప్పనివి కూడా ఉన్నాయి. బంగారం ఆకాశంలో ఉన్నప్పుడు ఈ కంపెనీలు ఒకదాన్నొకటి అదే ఆకాశం ధరకి కొంటాయి. కిన్‌రాస్ 2010లో రెడ్ బ్యాక్ అనే కంపెనీని ఏడు బిలియన్ డాలర్లు పోసి కొంది, తర్వాత ఆ విలువలో చాలా భాగం లెక్కల్లోంచి కొట్టేసింది. బారిక్ చిలీ, అర్జెంటీనా సరిహద్దు మీద ఆండీస్ పర్వతాల్లో పాస్కువా లామా అనే గని మొదలుపెట్టి, అంచనాలు పెరిగి పెరిగి ఎనిమిది బిలియన్లు దాటాక 2013లో ఆపేసింది. డబ్బు చాలకపోతే కొత్త షేర్లు అచ్చేస్తారు, మన వాటా పలచబడుతుంది. పైగా గని అనేది రోజురోజుకీ తరిగే ఆస్తి. తవ్విందల్లా మళ్ళీ వెతుక్కోవాలి. ఔన్సుకి నిజంగా ఎంత ఖర్చవుతోందో ఒకే పద్ధతిలో చెప్పే కొలత కూడా 2013 దాకా లేదు, ఆ ఏడు వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ పెట్టింది. అప్పటిదాకా ఎవరికి నచ్చిన ఖర్చు వాళ్ళు చెప్పుకునేవారు.

సరే, ఆ ఫండు రాబడి ఎంత అని మీరడిగితే, ఎప్పటి నుంచి అని నేనడగాలి. 2025 డిసెంబరు సంగతి చెబుతాను, అప్పుడు ధర 80 దాటింది, బంగారం 4,200 దాటింది. అప్పటికి ఏడాది వెనక నుంచి లెక్కేస్తే ఫండు రెట్టింపు దాటింది, బంగారం దాని దరిదాపుల్లో లేదు. 2016 జనవరి నుంచి లెక్కేస్తే ఫండు ఆరు రెట్లు పైన, బంగారం నాలుగు రెట్లకి కాస్త తక్కువ. ఇక్కడా గనులదే గెలుపు. నేను కొన్న 2011 నుంచి చూస్తే బంగారం రెండింతలు దాటింది, ఫండు మూడో వంతు పెరిగింది, అంతే. ఫండు పుట్టిన 2006 నుంచి చూస్తే బంగారం సుమారు ఆరు రెట్లు, ఫండు రెండింతల పైచిలుకు. ఫండు ఒకటే, జవాబులు నాలుగు. ఈమధ్య వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న బొమ్మ మొదటి జవాబుది. చివరి రెండూ ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. ఇక అదే 12,400ని 2011లో కళ్ళు మూసుకుని ఎస్ అండ్ పీ 500లో పెట్టి ఉంటే, డివిడెండ్లు వదిలేసినా, అయిదున్నర రెట్లయ్యేది. ఈ వాక్యం రాయడానికి నాకు ఒక పూట పట్టింది.

పన్ను విషయంలో ఒక చిన్న ఊరట ఉంది. అమెరికాలో బంగారాన్నే పట్టుకునే ఈటీఎఫ్‌ని వసూలు వస్తువుగా లెక్కగట్టి, ఏడాది దాటి ఉంచుకున్నా 28 శాతం దాకా పన్ను వేస్తారు. గని కంపెనీల ఫండుకి మామూలు షేర్ల పన్నే. లాభం ఉంటేనే ఆ ఊరట అనుకోండి.

మొమెంటం అనే మాట కూడా ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఊపు అనుకుందాం. గత మూడు నెలల నుంచి ఏడాది దాకా బాగా పెరిగినవి మరికొన్నాళ్ళు పెరుగుతూ పోతాయని 1993లో జెగదీశ్, టిట్‌మన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు లెక్కలతో చూపించారు. దాన్ని నాలాంటివాళ్ళు వాడుకునే తేలిక పద్ధతి ఒకటుంది. ప్రతి నెలాఖరునా ధరని గత పది నెలల సగటుతో పోల్చు. పైన ఉంటే ఉంచు, కింద ఉంటే అమ్ము. 2013 జనవరి ఆఖరికే జీడీఎక్స్ తన సగటు కిందికి దిగిపోయి ఉంది, 42 దగ్గర. అప్పుడు అమ్మి ఉంటే నా చేతిలో ఎనిమిది వేల నాలుగు వందలు ఉండేవి. స్లాబుకి సరిపోయేవి. కానీ ఇదే పద్ధతి 2014 జూన్‌లో మళ్ళీ కొనమంది, ఆ అక్టోబరుకల్లా ధరలో మూడో వంతు ఊడ్చుకుపోయింది. మళ్ళీ 2016 ఫిబ్రవరిలో 19 దగ్గర కొనమంది, ఆ వేసవిలో ధర 30 దాటింది. తిన్నగా పోయే దారిలో బాగా పనిచేస్తుంది, ఘాట్ రోడ్డులో వాంతులు తెప్పిస్తుంది. అయినా నాకు ఈ పద్ధతే నచ్చింది. అమ్మాలా వద్దా అని నన్ను అడగదు కాబట్టి. నన్ను అడిగితే ఏం జరుగుతుందో చూశాం కదా.

ఆఫీసులో ఆయన సంగతి చెప్పలేదు. ఆయన అంతటితో ఆగలేదు, రోజుకి మూడింతలు కదిలే గనుల ఫండు కొన్నాడు. ఒక రోజు సూచీ పది శాతం పడి మర్నాడు పది పెరిగితే మామూలు ఫండు 99 దగ్గర ఉంటుంది, మూడింతలది 91 దగ్గర. అలా నెలకి నాలుగుసార్లు జరిగితే ఏమవుతుందో వేసుకోండి. ఆయన ఇప్పుడు రియల్ ఎస్టేట్ గురించి సలహాలిస్తున్నాడు.

2025 సెప్టెంబరు నాటికి ధర 62 దాటి నిలబడింది. ఫోను చేసి, "నీ డబ్బు నీకొచ్చింది నాయనా" అన్నాను. "పద్నాలుగేండ్లకి అసలొచ్చిందా? మా ఊళ్ళో అయితే వడ్డీ కూడా అడుగుతారు" అని నవ్వాడు. దగ్గొచ్చి ఆగింది.

డిసెంబరులో సగం అమ్మాను. వంద షేర్లు, ఎనిమిది వేల పైచిలుకు డాలర్లు, రూపాయల్లో ఏడు లక్షల దాకా. మిగతా సగం నెలాఖరు లెక్కకి వదిలేశాను, ధర పది నెలల సగటు కిందికి వచ్చిన నెలలో అదీ పోతుంది. అమ్మకి గాజులు చేయించమని డబ్బు పంపబోతూ కుప్పంలో రేటు కనుక్కున్నాను. గ్రాము పన్నెండు వేలకి దగ్గర్లో ఉంది. ఎనభై గ్రాములకి, తరుగూ మజూరీ వదిలేసినా, తొమ్మిది లక్షలు దాటుతోంది. సగం గని అమ్మినా ఆ నాలుగు జతల గాజులు రావు.

అమ్మకి అదే చెప్పాను. మూడు జతలు చేయించుకో, నాలుగోది తర్వాత చూద్దాం అన్నాను.

"ఈ రేటుకా? నీకేమన్నా పిచ్చా పాపా? పడినాంక కొందాంలే" అంది.

"ఎంతకి పడితే కొంటావమ్మా?"

"నేనమ్మిన రేటుకి" అంది అమ్మ. వెనకాల నుంచి నాయన, ఆ రేటొస్తే మీ అమ్మాయి ఫండు మళ్ళీ పన్నెండుకి పోతాదే అంటున్నాడు.